మూడో భాగం ముందు చదివిన కనకమ్మ

ఆ నవల ఇటుకంత లావుంటుంది. సముద్రం అవతల చెరకుతోటలకు బానిసలుగా అమ్ముడుపోయిన ఒక కుటుంబం కథ, నాలుగు తరాలది. ఎవరో చక్కని తెలుగులోకి తెచ్చారు. కొన్నది నేనే. కొన్న పాపానికి, మాదాపూర్ ఆఫీసులో మా టీమంతా "నీ తర్వాత నాకు, నాకు" అంటూ నా ప్రాణం తీశారు. ఓపిక మావాళ్ళకు బొత్తిగా తక్కువ. ఏ పనైనా ముక్కలు చేసి తలా ఒకటి పంచుకోవడం మాకు అలవాటు. పుస్తకాన్నీ అలాగే చేశాం. బైండింగ్ షాపుకు తీసుకెళ్ళి, తరానికొకటి చొప్పున నాలుగు భాగాలుగా కోయించి అట్టలు వేయించాను. రూలు ఒక్కటే: ఎదుటివాళ్ళు చదవని భాగంలో ఏముందో ఎవరూ చెప్పకూడదు. పెట్టింది నేనే కాబట్టి నాకది వేదవాక్కు.

మా ప్యాంట్రీలో టీ, కాఫీలు చూసే కనకమ్మ గారు ఒకరోజు నా టేబుల్ మీదున్న భాగాన్ని చేతిలోకి తీసుకున్నారు.

"చదువుకొని ఇస్త మేడమ్."

"అది మూడోది కనకమ్మ గారూ. ముందువి చదవకపోతే ఏమీ అర్థం కాదు."

"అయితది తియ్యి" అని సంచిలో వేసుకుని ఖాజాగూడలోని ఇంటికి పట్టుకుపోయారు.

వారం తిరిగేసరికి నా సీటు పక్కన నిలబడ్డారు.

"దేవిశ్రీ మేడమ్, ఈ జోసీ తల్లి ఎవలు?"

జోసీ ఆ మూడో భాగంలోని పిల్ల. తోట యజమాని తన కూతుర్ని కాపురానికి పంపుతూ, వెంట పని చేసిపెట్టడానికి ఈ ఐదేళ్ళ బానిసపిల్లను కూడా ఇచ్చేశాడు. తల్లి ఎవరో జోసీకి గుర్తులేదు. అది తెలియకుండానే ముసలిదైపోతుంది. రెండో భాగం చదివినవాళ్ళకు మాత్రం తెలుసు.

"రెండో భాగంలో ఉందండీ."

"అది శ్యామ్ సార్ కాడ ఉన్నదట. ఇస్తలేడు."

"ఇస్తారు లెండి. నేను మాత్రం చెప్పను, రూలు."

మా టీములోని శ్యామ్ చేతిలో పడిన పుస్తకం అంత తేలిగ్గా బయటికి రాదు. మర్నాడు టీ కప్పు పెడుతూ కనకమ్మ గారు, "బతికున్నదా, సచ్చిందా? గదన్న చెప్పు" అన్నారు. ఆ పైరోజు, "పిల్లను ఆమెనే ఇచ్చిందా, గుంజుకున్నరా?" నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ కుతూహలం దాన్ని మించిపోయింది. చదువుతున్న వాళ్ళంతా జోసీ పారిపోతుందా, పెళ్ళాడుతుందా అని కొట్టుకుంటుంటే ఈవిడకు ఆ తల్లి ఒక్కతే ఎందుకు పట్టింది?

ఆ సాయంత్రం ప్యాంట్రీలోకి వెళ్ళి అదే అడిగేశాను.

కనకమ్మ గారు కప్పులు తుడుస్తూ చెప్పారు. "మా నాయినమ్మ గిట్లనే పోయింది మేడమ్. దొర బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటే, సారెతోటి ఈమెను గూడ పంపిన్రు. ఆడబాప అంటరు. చిన్నపోరి. తల్లి మొకం గూడ యాదికి లేదు. ‘మా అమ్మ నన్ను వద్దనుకున్నది, ఇచ్చేసింది’ అనుకుంటనే సచ్చిపోయింది. జోసీ గూడ గట్లనే అనుకుంటది. గది నిజమా, అబద్దమా? నాకు గంతే కావాలె."

నా రూలు ఏ గంగలో కలిసిందో, చెప్పేశాను. జోసీని తల్లి ఇవ్వలేదు. నిద్రపోతున్న పిల్లను బండెక్కించి తీసుకుపోయారు. తల్లి ఏళ్ళ తరబడి యజమాని కాళ్ళావేళ్ళా పడి, తననూ ఆ ఇంటికే అమ్మించుకుంది. అక్కడి వంటింట్లో ఉండే ముసలామె ఆమే. సంగతి బయటపడితే ఇద్దరిలో ఒకరిని అమ్మేస్తారని జీవితాంతం నోరు విప్పలేదు.

"ఆ వంటామెనా? పోరి ఆమెతోటి ఒక్కపారన్న మంచిగ మాట్లాడకపాయె!"

కనకమ్మ గారు స్టూలు మీద కూలబడ్డారు.

"మా నాయినమ్మ ఒక ముచ్చట చెప్పేది మేడమ్. గా అత్తగారోళ్ళ గడిల, పెద్దింట్ల, వడ్లు దంచె ముసలామె ఉండేదట. దొరసాని కొట్టిన దినం ఈమెకు సద్ది దాచిపెట్టేదట, తల దువ్వేదట. ఎన్నిసార్లు విన్ననో. ఆమె ఎవలని ఒక్కసారి అడగలే."

"జాలిపడి పెట్టి ఉండొచ్చు కదండీ" అన్నాను. లేనిపోని ఆశ పెట్టడానికి నాకు భయమేసింది.

"ఉండొచ్చు" అంటూనే ఊళ్ళో ఉన్న మేనత్తకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టారు.

"అత్తమ్మా, నాయినమ్మకు సద్ది దాచిపెట్టిన ముసలామె పేరేంది?"

"పేరేడ యాదికుంటది బిడ్డా! ఇప్పుడెందుకు?"

"ఊకెనే. ఏ ఊరామె?"

"ఎవలకు తెల్సు? మా అమ్మను ఆడికి తెచ్చిన కొన్నేండ్లకు ఎటునుంచో ఒక్కతే నడుచుకుంట వచ్చి, గడిల పనికి చేరిందట. ముందు ఎనకా ఎవ్వలు లేరు. సచ్చిపోతే నిప్పుకుండ పట్టెటోళ్ళు గూడ లేకుండిరి. మా అమ్మనే పట్టింది."

"నాయినమ్మనా?"

"ఆఁ. ఆడిదానివి నీకెందుకే, ఆమె నీకేమైతదని అందరు తిట్టిన్రట. ‘ఏమో, నేనే పట్టాలె అనిపించింది’ అనేది."

కనకమ్మ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఫోన్‌లో ఆ పెద్దావిడ "వినవడుతున్నదా బిడ్డా?" అని అడుగుతూనే ఉంది. మా ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.