గుండెకు మంచిదంట

అన్నం కంచాలు తీసి, ఆయన బిళ్ళలు ఇచ్చి, ఫ్రిజ్‌లోంచి నల్ల చాక్లెట్టు తీసి ఒక ముక్క విరిచి ప్లేటులో పెట్టాలి. మా ఆయనకు స్టెంటు వేశాక ఇంట్లో నాకు చేరిన కొత్త పని ఇది.

డాక్టరు చెప్పింది నేనూ విన్నాను. "కోకోతో రక్తనాళాలు కాస్త వదులవుతాయంటారు, బీపీ కొద్దిగా తగ్గొచ్చు. తినాలనుంటే చేదుది, చిన్న ముక్క తినండి. చక్కెరా కొవ్వూ ఎటూ ఉంటాయి, మందనుకుని మాత్రం తినకండి" అన్నాడు. మా త్రికోటేశ్వరరావుగారికి "తినండి" ఒక్కటే వినబడింది. ఇంటికి రాగానే "అది నా మందు, ఎవరూ ముట్టుకోమాకండి" అని ఆర్డరేశారు. రోజూ కాకరకాయ రసం తాగినట్టు మొహం పెట్టి మింగుతారు. నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆ మనిషి బతికొచ్చి నా ఎదురుగా కూచుని అలా మొహం చిట్లించడమే నాకు చాలనిపిస్తుంది.

స్టెంటు పడ్డ మనిషి బరువులెత్తకూడదు కనక మంచినీళ్ళ క్యాను మేడమీదికి నేనే మోస్తున్నాను. బడిలో పాఠాలు చెప్పొచ్చి, ఉప్పు లేని కూర ఆయనకు, ఉప్పున్నది నాకు, మెత్తగా మెదిపింది అత్తయ్యకు చెయ్యాలి. ఈ మధ్య మెట్ల మధ్యలో ఆగాల్సొస్తోంది. ఛాతీ పట్టేసినట్టుంటుంది. ఆయనకు చెప్పలేదు. చెబితే "నీకేందే, గుండ్రాయిలా ఉన్నావు" అంటారు, ప్రేమగానే. ఒక ఇంటికి ఒక గుండె జబ్బు చాలు, రెండోది పెట్టుకోవడానికి నాకు తీరికెక్కడిది? అందుకని నేనూ దొంగతనంగా ఒక ముక్క నోట్లో వేసుకోవడం మొదలెట్టాను. మందు కాదన్న మాట నా చెవులతో విని కూడా, ఆయన్ని చూసి నవ్విన దాన్నే, నేనూ అదే పని చేశాను.

బడికి సెలవైన రోజు ఆయన చాక్లెట్టు తీసి చూసుకున్నారు.

"ముక్కలు తగ్గినయ్యేంది? తీపి కనబడితే ఆగలేవే, చిన్నపిల్లవా?"

చేదుదండీ అది, అని అనలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే గిన్నెలు కడగడానికి వెళ్ళాను. మా అత్తయ్య మహాలక్ష్మమ్మ వెనకాలే వచ్చి కుళాయి కట్టేసింది.

"నీకు తిండి మీద ఆశ లేదు. ఎందుకు తిన్నావే?"

"గుండెకు మంచిదంట కదా అత్తయ్యా."

"వాడి గుండెకు. నీకేమైంది?"

మెట్లు, ఆయాసం, ఛాతీ, అన్నీ చెప్పాను. ఆమె నా చేతిలో గిన్నె తీసి పక్కన పెట్టింది.

"నేనూ ఏ నొప్పీ ఎవరికీ చెప్పలా. చెప్పుంటే బాగుండేది" అంది. తర్వాత ఆయనున్న గదిలోకెళ్ళింది. "ఒరేయ్, నేనూ అమ్మాయీ ఇప్పుడే ఆస్పత్రికి పోతన్నాం. అన్నం నువ్వే పెట్టుకో. నీళ్ళ క్యాను పైకి తెచ్చేవాణ్ణి మాట్లాడు."

ఆయన కంగారుగా బయటికొచ్చారు. "బిందూ, నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదండీ" అన్నాను. మెల్లగానే అన్నాను.

నరసరావుపేటలో ఆ ఆస్పత్రి బెంచీ నాకు కొత్త కాదు. ఆయన ఫైలు పట్టుకుని, పేషెంటు తాలూకు ఎవరని పిలిచినప్పుడల్లా లేచి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు నాకే ఈసీజీ తీసి, బయట కూచోమన్నారు. కాసేపటికి నర్సు తలుపు తీసింది.

"బిందు తాలూకు ఎవరమ్మా?"

నేను చటుక్కున లేచి నిలబడ్డాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది.

"నువ్వు కూచోవే" అని, తను లేచింది. "నేనమ్మా. బిందు తాలూకు నేను."