ఫోనెత్తినంత మాత్రాన

తొంభై రెండు శాతం మంది రైతులు మా కబురు చివరిదాకా విన్నారట. ఆ అంకె చూసి ఆఫీసంతా ఎగిరి గంతేసింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మా సంస్థ వారానికి రెండుసార్లు ఆడరైతులకు ఫోన్ చేసి, మందు ఎప్పుడు కొట్టాలో, నీళ్లు ఎప్పుడు పెట్టాలో రికార్డు చేసిన గొంతుతో చెప్పిస్తుంది. డబ్బు విదేశీ దాతలది. ఆ సేవ ఎవరికైనా పనికొస్తోందా లేదా అని ఇల్లిల్లూ తిరిగి తేల్చడం నా ఉద్యోగం.

మొదట వెళ్లింది టమాటా అత్త ఇంటికి. ఆమె నాకేమీ కాదు. ఉన్న మూడెకరాల్లో టమాటా తప్ప ఇంకోటి వెయ్యదు కాబట్టి ఊరంతా అలాగే పిలుస్తుంది. నేనుండగానే ఫోన్ మోగింది. ఆమె ఎత్తి, కిటికీలో పెట్టి, మళ్లీ వెళ్లి గేదెకు కుడితి కలుపుకోసాగింది. ఫోన్ తన మానాన తాను మాట్లాడుతూనే ఉంది.

"వినవా అత్తా?"

"కట్ చేస్తే ఊరుకుంటుందా? మూడుసార్లు చేస్తుంది. ఎత్తి అక్కడ పెడితే దాని గోల అది చెప్పుకుపోతుంది, నా పని నాకవుతుంది."

"చెప్పేది పనికొచ్చేదే కదా?"

"నిన్న వాన దంచి కొట్టిందా? ఇవాళ చేసి, వాన రాకముందే మందు కొట్టండి అంటోంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు!"

మాకిచ్చిన ఫారంలో పద్నాలుగు ప్రశ్నలున్నాయి. ఫోన్ వచ్చిందా, ఎత్తారా, గొంతు బాగుందా అని అన్నీ ఉన్నాయి, చెప్పినట్టు చేశారా అన్నది తప్ప. ఆ పదిహేనోది నేనే చేత్తో రాసుకుని అడిగాను. రెండు వందల నలభై మందిలో చేశామన్నవాళ్లు పదకొండు మంది.

నా రిపోర్టులో ఆ లెక్క ఉన్న పేజీని డైరెక్టరుగారు పక్కకు నెట్టారు.

"ఇది ఫారంలో లేదమ్మా. తీసేసి సంతకం పెట్టు. వచ్చే నెల నీ కాంట్రాక్టు కూడా పొడిగించాలి కదా."

మెత్తగానే అన్నారు గాని, అది బెదిరింపే.

"తియ్యను సార్."

దాతల తరఫున వచ్చినావిడ అదే గదిలో కూర్చుని ఉంది. ఆమైనా నా వైపు మాట్లాడుతుందని ఆశపడ్డాను. ఆవిడ పేజీ మొత్తం చదివి, నిజమే కావచ్చు గాని తొంభై రెండని ఇప్పటికే పైకి చెప్పేశామంది. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఫోనెత్తడం వేరు, వినడం వేరు, చెయ్యడం వేరు. మూడూ ఒకటేనని రాయాలంటే ఇంకో చెయ్యి వెతుక్కోండి."

సంతకం పెట్టకుండానే బయటికొచ్చాను. మర్నాటికి ఉద్యోగం ఊడింది. "నీకు లౌక్యం తెలీదే," అన్నాడు అన్నయ్య. తెలుసు. అక్కర్లేదనుకున్నానంతే.

నా పేజీ నా దగ్గరే ఉంది. అది పట్టుకుని మళ్లీ టమాటా అత్త ఇంటికి వెళ్లాను. వీధిలో పాతికమంది ఆడవాళ్లు పోగయ్యారు. అందరి జవాబులూ కలిపితే ఏం తేలిందో చదివి వినిపించాను. ప్రశ్నలు అడిగి వెళ్లినవాళ్లు తిరిగి రావడం వాళ్లు చూడనే లేదట. పదకొండు అనగానే వెనకనుంచి ఒకావిడ లేచింది.

"ఆ పదకొండులో నేనూ ఉన్నాగా? నన్ను కొట్టెయ్యి. ఎండనపడి వచ్చావు, చెయ్యలేదంటే నొచ్చుకుంటావని చేశానని చెప్పా."

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పెన్ను తీసి, పదకొండు కొట్టేసి పది అని వేసి, వాళ్లందరి ముందూ కింద సంతకం పెట్టాను.