ఈ వారం మీరు లేరు

వీధిలో అందరూ ఆమెను అద్దాలావిడ అనేవారు. బస్టాపు ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపు ఆమెది. ముందు గదిలో ఫ్రేములు, వెనక గదిలో ఒక కుర్చీ, గోడకు అక్షరాల పలక. పైన ఆమె ఉండే రెండు గదులు. నలభై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఇంకా నా పవర్‌కి సరిపడేవాడు దొరకలేదండీ" అని ఆ మాటను అక్కడికి తుంచేసేది.

ఆరేళ్ళుగా ఆమె ఒక బ్లాగు రాస్తోంది. దాని పేరు 'ఇప్పుడు కనిపిస్తోందా?'. రోజుకు ముప్ఫైసార్లు ఆమె నోటివెంట వచ్చే ప్రశ్న అది. గురువారం షాపుకు సెలవు. ఆ మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, ఆ వారం తన కుర్చీలో కూర్చున్నవాళ్ళలో ఒకరి గురించి రాసేది. కళ్ళజోడు పెట్టుకుని బయటికి చూసి, "ఆకులు ఇలా విడివిడిగా ఉంటాయా?" అని నోరు తెరిచిన ముసలి తాపీమేస్త్రి గురించి రాసింది. పక్కనున్న మొగుణ్ణి కొత్త అద్దాల్లోంచి ఎగాదిగా చూసి, "పాత చూపే నయం" అన్న ఇల్లాలి గురించి రాసింది. ఒకసారి ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించి ఇచ్చేస్తే, ఆ పెద్దమనిషి మెట్ల మీంచి జారి మోకాలిచిప్ప పగలగొట్టుకున్నాడు. అదీ రాసింది. ఆయన వచ్చి అడిగితే, "మెట్లు తడిగా ఉండుంటాయి" అని ముందు బుకాయించానని కూడా దాచకుండా రాసింది.

చదివేవాళ్ళు అరవైమంది. ఆ లెక్క పెరిగేదీ కాదు, తరిగేదీ కాదు. వాళ్ళలో ఒకాయన దర్జీ. పేరేమిటో తెలియదు, 'దర్జీ' అనే రాసుకునేవాడు. గురువారం సాయంత్రానికి ఒకటో రెండో మాటలు పెట్టేవాడు. మోకాలిచిప్ప సంగతి రాసిన వారం, "ఇందుకేనండీ నేను ఇక్కడికొచ్చేది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమెకు ఆ నెలంతా కడుపు నిండినట్టయింది.

ఒక సోమవారం మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు, ఇంకో రెండేళ్ళుంది. ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదం లేదని డిపోలో ఆయన ఫొటో గోడకు పెట్టారు. డ్యూటీ దిగి, యూనిఫాం మీదే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పేపరు చదువుదామంటే నా చెయ్యి చాలటం లేదే అమ్మడూ. ఎంత దూరం చాచినా అక్షరాలు అలుక్కుపోతున్నాయి."

"చత్వారం అన్నయ్యా. ఎప్పుడో రావాల్సింది, లేటయింది."

"లేటా? నా బండి ఒక్కరోజు లేటవలేదు తెలుసా?"

దూరపు చూపు చూసింది. పలక మీద ఆఖరి వరస కూడా గడగడా చదివేశాడు. దగ్గరి చూపుకు అద్దాలు మార్చి మార్చి పెడితే మూడోదానికే పేపరు చదివాడు. పని అయిపోయింది. ఎడమపక్కనుంచి ఫ్రేము అందించింది. ఆయన తీసుకోలేదు.

"ఏదీ, ఫ్రేము ఇస్తానన్నావు?"

ఫ్రేము ఆయన మోచేతి పక్కనే ఉంది.

ఆమె ఫ్రేము పక్కన పెట్టేసింది. ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. ఒక కన్ను మూయించి, "నా ముక్కు మీదే చూపు పెట్టు. పక్కనుంచి వేలు తెస్తాను. కనబడగానే చెప్పు" అంది. వేలు చెవి దాటింది. కణత దాటింది. దాదాపు ఆమె ముక్కు దాకా వచ్చాక, "ఆఁ" అన్నాడు. రెండో కన్నూ అంతే. ఎడమవైపు మరీ అన్యాయం.

అది నీటికాసులని, డాక్టర్లు గ్లకోమా అనేదేనని ఆమెకు అర్థమైంది. నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. చూపు అంచులనుంచి లోపలికి కొంచెం కొంచెంగా కొరుక్కుతింటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. మందులు పడితే మిగిలింది నిలుస్తుంది. అదే ఆయనకు చెప్పింది.

"మరి నాకేం తేడా తెలియడం లేదే. డిపోలో ఏటేటా చూస్తున్నారు, అన్ని వరసలూ చదువుతున్నాను."

"ఆ వరసలు నీ ఎదురుగా ఉంటాయి. మనుషులు పక్కనుంచి వస్తారు."

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "వచ్చేవారం ఆస్పత్రికి వెళ్తాను. అప్పటిదాకా నీ నోటికి తాళం. మీ వదినక్కూడా చెప్పకు" అని చెయ్యి చాపాడు.

"అప్పటిదాకా సెలవు పెట్టు అన్నయ్యా."

"ఒక్క వారమే అమ్మడూ. ఒట్టెయ్యి."

చిన్నప్పుడు సైకిలు నేర్పినప్పుడు సీటు పట్టుకుని వెంట పరిగెత్తిన చెయ్యి అది. ఆమె ఒట్టేసింది.

గురువారం ఆమె రాసింది. ఒక డ్రైవరు వచ్చాడనీ, గొట్టంలోంచి చూసినట్టు లోకాన్ని చూస్తున్నాడనీ, ఆ సంగతి ఆయనకే తెలియదనీ రాసింది. అన్నయ్య అని రాయలేదు. ఒట్టు సంగతి రాయలేదు. 'ఆయన టోపీ పెట్టుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు' అని ముగించింది. చదువుకుంటే తనకే ముద్దొచ్చింది. ఆరేళ్ళలో అంత నున్నగా ఒక్కటీ రాలేదు.

సాయంత్రానికి అది చేతులు మారింది. అరవైమంది కాస్తా మూడువందలమంది అయ్యారు, మర్నాటికి తొమ్మిదివందలు దాటారు. ఎవరెవరో కళ్ళు చెమర్చాయన్నారు. దర్జీ మాత్రం ఇలా రాశాడు: "కుట్టు చాలా బాగుంది. కానీ ఈ వారం మీరు లేరు ఇందులో."

దాని కింద ఇంకెవరో అడిగారు: "ఆయన ఇంకా బండి నడుపుతున్నాడా?"

ఆ ప్రశ్న చూసిన క్షణంనుంచి ఆమెకు కాలు నిలవలేదు. జవాబు టైపు చేసింది, చెరిపేసింది. ఫోను బోర్లించి కిందికి దిగింది, మెట్ల మధ్యలోంచి వెనక్కి వెళ్ళి మళ్ళీ తీసి చూసింది. ఆ ప్రశ్నకు ఇరవైమంది వంతపాడారు. శుక్రవారం షాపులో చేతిలోని చిన్న స్క్రూలు నాలుగుసార్లు జారిపడ్డాయి. నాలుగుసార్లూ నేలమీద పాకి వెతుక్కుంది. బస్టాపులో బండి ఆగిన చప్పుడైనప్పుడల్లా, ఎదురుగా కుర్చీలో మనిషిని వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తి నంబరు చూసి వచ్చేది. "ఎవరైనా చుట్టాలొస్తున్నారా అమ్మా?" అని అడిగింది కుర్చీలోని ముసలావిడ, ఒక కన్ను మూసుకునే. కాలుగాలిన పిల్లిలా శనివారమంతా తిరిగి, ఆదివారం పొద్దున్నే వదినకు ఫోను చేసింది.

"అన్నయ్య ఎలా ఉన్నాడు వదినా?"

"ఉన్నాడు, ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు, ఇంట్లో గుమ్మం కనబడదు గానీ ఊరంతా తిప్పుకొస్తాడు! ఈ నెలలో రెండుసార్లు తలుపు చెక్కకు గుద్దుకున్నాడు. బస్సు పక్క అద్దం కూడా పగిలిందట డిపోలో. అడిగితే గోడే వచ్చి తగిలిందంటాడు" అని వదిన పకపకా నవ్వింది.

ఈమె నవ్వలేకపోయింది. "ఆస్పత్రికేమన్నా వెళ్తానన్నాడా?"

"ఆస్పత్రికా? ఎందుకు?"

సోమవారం వచ్చింది. వారం నిండింది. ఫోను చేస్తే అన్నయ్య, "ఈ వారం ఇద్దరు సెలవులో ఉన్నారే, వచ్చే వారం తప్పకుండా" అన్నాడు. మంగళవారం ఆమె ఎవరికీ పవర్ చూడలేదు. తన కొలతల మీద తనకే నమ్మకం పోయింది.

బుధవారం పొద్దున షాపు తలుపు తియ్యకుండా బస్టాపులో నిలబడింది. రెండు బళ్ళు వదిలేసి, అన్నయ్య బండి ఎక్కింది. ఆయన ఆశ్చర్యంగా చూసి, "ఎక్కడికే?" అన్నాడు.

"ఆఖరి స్టాపుదాకా" అని ముందు వరసలో ఎడమవైపు కూర్చుంది.

ఆయన చక్కగానే నడిపాడు. గేర్లు వెన్నలా పడుతున్నాయి. తాను అనవసరంగా బెంబేలు పడ్డానేమో అనుకుంది. నాలుగో స్టాపు దాటాక సందు మొదట్లో స్తంభం పక్కనుంచి ఒక స్కూలు పిల్ల రోడ్డు మీదికి దిగింది. వీపున సంచి, చేతిలో అట్టతో చేసిన ఇల్లు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, అది పడిపోకుండా చూసుకుంటూ నడుస్తోంది. ఆమె ఒక అడుగు లెక్కపెట్టింది. రెండు. బండి వేగం తగ్గలేదు. మూడు.

"అన్నయ్యా! ఎడమపక్క!"

బ్రేకు పడింది. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. పిల్ల బండి ముందు రెండు జానల దూరంలో నిలబడిపోయింది. అట్ట ఇల్లు చేతిలోంచి జారి కప్పు ఊడింది. పిల్ల వంగి కప్పు తీసుకుంది, బస్సు వైపు ఒకసారి కోపంగా చూసి, దాటి వెళ్ళిపోయింది.

అన్నయ్య స్టీరింగు వదల్లేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందే ఆ పిల్ల?"

"ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదన్నయ్యా. స్తంభం దగ్గర్నుంచీ నడుస్తూనే ఉంది."

ఆయన బండిని మెల్లగా పక్కకు తీశాడు. ఇంజను ఆపాడు. వెనకనుంచి, "ఏమైందయ్యా, మాకు ఆఫీసులున్నాయి" అని ఎవరో అరిచారు. ఆయన లేచి వాళ్ళవైపు తిరిగాడు.

"నాకు చూపు ఆనటం లేదండీ. దయచేసి దిగండి. వెనక బండిలో ఎక్కిస్తాను."

గొణుక్కుంటూ ఒక్కొక్కరే దిగారు. డిపోకు ఫోను చేసి, వేరే డ్రైవర్ని పంపమన్నాడు. వాళ్ళు కారణం అడిగినట్టున్నారు. "కళ్ళు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. తర్వాత ఖాళీ బండిలో మెట్టు మీద కూర్చుని, "ఇక ఇంటికి పో" అన్నాడు చెల్లెలితో. ఆమె పోలేదు. ఇంకో డ్రైవరు వచ్చేదాకా ముప్పావుగంట ఆయన వెనకే నిలబడింది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆస్పత్రిలో ఆమె చెప్పిందే చెప్పారు. రోజూ రెండుపూటలా చుక్కలు వేసుకోవాలి. బండి మళ్ళీ పట్టకూడదు. ఇంతలో బ్లాగు సంగతి వదినకు తెలిసింది. తొమ్మిదివందల మందిలో ఆవిడ మేనకోడలొకర్తె ఉంది. వదిన ఆయనకు చదివి వినిపించబోతే, మొదటి నాలుగు వాక్యాలకే ఆపమన్నాడట. చెల్లెలికి ఫోను చేశాడు.

"నాకేమో ఒట్టు వేశావు. ఊరికేమో కథ చెప్పావు."

"పేరు రాయలేదన్నయ్యా."

"నాకు తెలుసుగా అది నేనేనని" అని పెట్టేశాడు.

ఆ గురువారం ఆమె నాలుగే వాక్యాలు రాసింది. 'పోయినసారి రాసింది తీసేశాను. అందులో సగమే నిజం. మిగతా సగం నాది, ఇంకొకరిది కూడా. వారు ఒప్పుకుంటే రాస్తాను.' తర్వాత మూడు గురువారాలు ఏమీ రాయలేదు. రాయని గురువారం అంత పొడుగ్గా ఉంటుందని ఆమెకు తెలియదు. తుడిచిన ఫ్రేములే తుడిచేది. వీధి చివరిదాకా నడిచి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగొచ్చేది. తొమ్మిదివందలమంది వచ్చినదారినే పోయారు.

నాలుగో గురువారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అన్నయ్య. తలుపు చెక్కను ముందు చేత్తో తడుముకుని లోపలికొచ్చాడు. డిపోలో బళ్ళ టైములు చూసే గదిలో కూర్చోబెట్టారట. "వేళకు బయల్దేరనివాణ్ణి మైకులో తిట్టడమే పని. బానే ఉంది" అన్నాడు. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఏదీ, చదువు. ఆరోజు రాసింది."

"తీసేశానన్నయ్యా."

"నీ దగ్గర ఉండకుండా ఉంటుందా?"

ఉంది. చదివింది.  ఆయన కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడని రాశావు. మరి నువ్వేం చేశావు? నన్ను ఆపావా, వెళ్ళనిచ్చావా? అది లేదే."

 ఆయన ఇన్నేళ్ళలో ఆ బ్లాగు ఒక్కసారి కూడా చదవలేదు. పేపరులో కూడా ఆటల పేజీ దాటడు.

"వెళ్ళనిచ్చాను" అంది ఆమె. "తొమ్మిది రోజులు."

"నేనడిగాను కాబట్టి వెళ్ళనిచ్చావు. అదీ రాయి. ఆ తొమ్మిది రోజులూ నేను బండి తీశాననీ రాయి. చివరికి ఆపింది నేనే, అది మాత్రం మర్చిపోకు."

ఆమె అక్కడే, ఆయన ఎదురుగానే రాయడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం పైకి చదువుతూ రాసింది. ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ అడ్డుపడుతూనే ఉన్నాడు. స్టాపు నాలుగోది కాదు, అయిదోదన్నాడు. లెక్కపెట్టి చూస్తే ఆయనే రైటు. అట్ట ఇల్లు సంగతి వినగానే ఆగిపోయాడు.

"చేతిలో ఇల్లుందా? నేను చూడలేదు."

"ఎర్ర కప్పు. కింద పడి ఊడింది. మళ్ళీ తీసుకెళ్ళింది."

"అదీ పెట్టు" అన్నాడు, నెమ్మదిగా కూర్చుంటూ.

'స్టీరింగు మీద ఆయన చేతులు వణికాయి' అని చదివింది ఆమె.

"వణకలేదు."

"వణికాయన్నయ్యా. నేను చూశాను."

"ఇరవై ఎనిమిదేళ్ళు పట్టిన చేతులే ఇవి. వణకవు."

"ఎడమచెయ్యి మరీ ఎక్కువ వణికింది."

ఆయన తన రెండు చేతులూ పైకెత్తి, ముఖానికి ఎదురుగా, చూపు ఆనేచోట పట్టుకుని, కాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"సరే, ఉండనీ" అన్నాడు. "ఎంతమంది చదువుతారేం ఇది?"

"అరవైమంది."

"అంతేనా! నా బండిలో నిలబడేవాళ్ళే అంతమంది ఉండేవారు" అని లేచి, గుమ్మం తడుముకుంటూ, చుక్కలు వేసుకునే వేళయిందని వెళ్ళిపోయాడు.

ఆమె పోస్టు చేసి కిందికి దిగి, ఆయన వీధి దాటేదాకా గుమ్మంలో నిలబడి చూసింది. ఎడమవైపునుంచి ఒక స్కూటరు వస్తోంది. ఆయన ఆగి, తల మొత్తం అటు తిప్పి, అది వెళ్ళేదాకా ఉండి, అప్పుడు దాటాడు.