తోక కత్తిరించిన గుర్రం

ఆ పొద్దున సూసమీర్ లోయ పచ్చిక మీద పదకొండుమంది రౌతులు పులిసిన గుర్రప్పాలు, కుమిస్ గిన్నెలు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నారు. గుడారంలోంచి బయటికొచ్చిన నూర్జాత్ అది చూసి ఆగిపోయింది. కుమిస్ ఎదురుగా ఉంటే ముట్టకుండా కూర్చునే రకాలు కారు వాళ్లు.

సినిమాల్లో గుర్రాల మీంచి పడటం వాళ్ల విద్య. ఆ జట్టుకు నూర్జాత్ పెద్ద. మూడేళ్ల కిందటి వరకు ఆమె భర్త బకీత్ పెద్దగా ఉండేవాడు.

ఇప్పుడు సినిమాగా తీస్తున్నది "రక్తపు కనుమ" అనే వీడియో గేమ్. బిష్కెక్ పట్నంలో అజీమ్ అనే అతను, స్నేహితులు కలిసి తయారు చేసిన ఆట అది. అందులో గుర్రమెక్కిన ఒక ఆడమనిషి మూడువందల నలభైమందిని నరుక్కుంటూ పోతుంది. ఎందుకు నరుకుతుందని అడక్కూడదు. అడగని జనం దేశదేశాల్లో ఉన్నారు కాబట్టి ఆట విరగబడి ఆడింది, సినిమా దాకా వచ్చింది. సినిమాకు పెట్టుబడి పెట్టినవాళ్లు మాత్రం ఒక మెలిక పెట్టారు. ఒక్క పోరాటం నిజం గుర్రాలతో తీసి చూపించాలి. ఆటకన్నా బాగుంటే నూర్జాత్ జట్టు ఉంటుంది. లేకపోతే పోరాటాలన్నీ కంప్యూటర్లోనే తయారవుతాయి, రౌతులు ఇళ్లకు పోవచ్చు. చూడటానికి వాళ్లు ఆ మధ్యాహ్నమే వస్తున్నారు.

పన్నెండో రౌతు తిలేక్ తన బూడిదరంగు గుర్రం వెనక నిలబడి ఉన్నాడు. సినిమాలో ఆ నరికే ఆడమనిషిగా నూర్జాత్ ఎక్కాల్సిన గుర్రం అదే. దాని తోక సగానికి సగం లేదు.

"ఎవడు కోశాడు?" అంది నూర్జాత్.

"నేనే కోయించానక్కా," అన్నాడు అజీమ్, కాగితాల కట్ట గుండెకు హత్తుకుని. "ఆటలో దాని తోక పొట్టిగా ఉంటుంది కదా. అభిమానులు వెంట్రుకతో సహా పోల్చి చూస్తారు."

"ఆటలో ఎందుకు పొట్టిగా పెట్టావు?"

"తోక వెంట్రుకలు ఊగించాలంటే మా కంప్యూటర్లు మొరాయించేవి. కత్తిరిస్తే సుఖమని..."

"సుఖమా!" జట్టులోకెల్లా పెద్దవాడు సత్తార్ గయ్యిమన్నాడు. "ఒరే పట్నం నాయనా, మీ అమ్మ నిన్ను లిఫ్టులో కన్నదా? రౌతు పోతే వాడి గుర్రానికి తోక కోస్తారు. ఆ తోక చూస్తే దాని మనిషి లేడని లెక్క. తిలేక్ ఇదిగో, గుండ్రాయిలా ఉన్నాడు. బతికున్నోడికి దినం పెట్టావు కదరా!"

అజీమ్ కాగితాల కట్ట కిందికి దించాడు. "మా తాత పోయినప్పుడు మాకు గుర్రం లేదు పెద్దయ్యా. పాత కారే ఉండేది."

"దానికేం కోశారో?" అన్నాడు వెనకనుంచి ఎవడో. నవ్వు రాబోయి ఆగిపోయింది.

"నేనా గుర్రం జోలికి రానక్కా," అన్నాడు తిలేక్. "మా అమ్మకు ఫోన్ చేసి బతికే ఉన్నానే అని చెప్పా. ఒకటే ఏడుపు. మనవాళ్లు కూడా దాని ఎదురుగా రామంటున్నారు."

వాళ్లను తిట్టడానికి నూర్జాత్‌కు నోరు రాలేదు. పరుగులో పడి లేవడం నేర్చిన గుర్రం అదొక్కటే. ఇంకోదానికి నేర్పాలంటే నెలలు పడుతుంది. ఎండ చూస్తే ఎక్కిపోతోంది.

ఆ మోడుతోక చూస్తుంటే ఆమెకు బకీత్ గుర్తొచ్చాడు. పరాయి దేశంలో, షూటింగులో దెబ్బ తగిలి, ఆసుపత్రిలో పోయాడు. నాలుగో రోజుకు శవం ఇంటికి చేరింది. అప్పుడు జట్టంతా అక్కడి ఎడారిలోనే, సినిమా పనిలో చిక్కుకుపోయింది. చావింటికి మగవాళ్లు దూరం నుంచే గుర్రాలను దౌడు తీయిస్తూ, "ఓయ్ నా తమ్ముడా" అని గొంతెత్తి ఏడుస్తూ రావాలి. నూర్జాత్ ఆనవాయితీ ప్రకారం గుడారంలో గోడకేసి తిరిగి కూర్చుని డెక్కల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. కారు తలుపులు మూసుకునే చప్పుడే వినబడింది. బకీత్ గుర్రం కూడా ఆ ఎడారిలోనే కాలు విరిగి చచ్చిపోయింది. దాని తోక ఎవరూ కోయలేదు.

"తిలేక్, ఈ గుర్రాన్ని నాకిచ్చెయ్," అంది. "బదులుగా నా ఎర్రదాన్ని తీసుకో."

"దీన్నేం చేసుకుంటావక్కా?"

"మా ఆయన గుర్రం అనుకుంటా. దీని మనిషి నిజంగానే లేడు. అప్పుడా తోక అబద్ధం కాదు."

సత్తార్ గిన్నె ఎత్తి గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తాగారు.

"మరి సినిమాలో కథ?" అన్నాడు అజీమ్ బెదురుగా.

"నీ పిల్ల ఎందుకు నరుకుతుందో ఇన్నాళ్లూ నీకే తెలీదు కదా. ఇప్పుడు తెలిసింది. మొగుడి గుర్రం ఎక్కి వచ్చింది. రాసుకో."

మధ్యాహ్నానికి పెట్టుబడిదారులు వచ్చి గొడుగు కింద కూర్చున్నారు. ముగ్గురూ నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నారు. నూర్జాత్ వాలు కింద కత్తి పట్టుకుని నిలిచింది. పైనుంచి పన్నెండు గుర్రాలు కదిలాయి. ముందు సత్తార్. ప్రతి సినిమాకూ ఇదే నా ఆఖరి చావు అని చెప్పే మనిషి. కాగితం ప్రకారం అతను యుద్ధకేక పెట్టాలి.

పెట్టలేదు. మోడుతోక గుర్రం మీద బకీత్ పెళ్లాన్ని చూశాడు, గొంతు పగిలేలా అరిచాడు. "ఓయ్ నా తమ్ముడా! సింహంలాంటి నా తమ్ముడా, ఓయ్!"

వెనక పదకొండు గొంతులు అందుకున్నాయి. వాలంతా డెక్కల మోత. నూర్జాత్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గుర్రం ఆగలేదు. ఆమె కూడా గొంతు విప్పి, మూడేళ్లుగా లోపల దాచుకున్న ఏడుపంతా బయటపెట్టి, కత్తెత్తి వాళ్ల మధ్యలోకి దూసుకుపోయింది. సత్తార్ పడ్డాడు. తిలేక్ పడ్డాడు. ఒక్కొక్కడూ ఆ కేక నోట్లో ఉండగానే దుమ్ములోకి దొర్లాడు. చివర్న బూడిదరంగు గుర్రం ఆమెతో సహా పల్టీ కొట్టి, ఆమెతో సహా లేచింది.

కట్ చెప్పడం దర్శకుడు మర్చిపోయాడు. కెమెరా పట్టుకున్న మనిషి భుజంతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

పెట్టుబడిదారుల్లో పెద్దాయన కళ్లద్దాలు తీసి అజీమ్ వైపు తిరిగాడు. "నీ కంప్యూటర్ ఇది చేస్తుందా?"

"మూడువందల నలభైమందిని చంపించానండీ," అన్నాడు అజీమ్. "ఒక్కడి కోసం ఒక్కర్ని ఏడిపించాలని తోచలేదు. చెయ్యదు."

"అయితే పోరాటాలన్నీ వీళ్లవే. ఇది మాత్రం ఇంకోసారి తీస్తారా, జాగ్రత్త కోసం?"

"ఇంకోసారి రాదు దొరా," అన్నాడు సత్తార్ దుమ్ము దులుపుకుంటూ. "తమ్ముడి చావుకు ఒకసారే వస్తాం."

జట్టంతా ఈలలు వేసింది, టోపీలు గాల్లోకి లేచాయి. తిలేక్ మళ్లీ అమ్మకు ఫోన్ కలిపి, ఈసారి గెలిచామే అని అరుస్తున్నాడు. సత్తార్ కుంటుకుంటూ నూర్జాత్ దగ్గరికి వచ్చి గుర్రం కళ్లెం పట్టుకున్నాడు. మనిషి మొహం చూడలేక గుర్రం మొహం చూశాడు.

"మూడేళ్లు ఆలస్యమైంది తల్లీ," అన్నాడు.

"డెక్కల చప్పుడు వినబడింది బావగారూ," అంది నూర్జాత్.