కండక్టరు బొటనవేలు

చర్చి వెనక హాల్లో శనివారం శనివారం శిక్షణ. ఆదివారం పూజలో సత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, పంచడానికి ఫాదర్‌కు సాయంగా మామూలు మనుషుల్ని తయారుచేస్తున్నారు. నేర్పేది సిస్టరమ్మ. నేర్చుకునేది ఒక నర్సు, ఒక టైలరు, రిటైరైన బస్సు కండక్టరు. వీళ్లతోపాటు, ఇంకో నెలలో గురుపట్టం అందుకుని ఫాదర్ కాబోయే చిన్నఫాదరు కూడా.

కండక్టరుకు ఇది కాలక్షేపం కాదు. తుంటి విరిగి అతని భార్య మూడేళ్లుగా మంచం మీదే ఉంది. ఫాదర్ నెలకోసారి వచ్చి ఆమెకు సత్ప్రసాదం ఇచ్చి వెళతాడు. మిగతా ఆదివారాలు ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుంది. శిక్షణలో నెగ్గితే మూతున్న చిన్న డబ్బాలో పెట్టుకుని వారం వారం తనే తీసుకెళ్లి ఇవ్వొచ్చు.

బొటనవేలే మాట వినడం లేదు. టిక్కెట్ల కట్టలోంచి ఒక్కటి ఊడిరావాలంటే వేలు తడిచేయాలి. ముప్పై ఏళ్లు అదే పని. అభ్యాసానికి పెట్టినవి పూజలో వాడని ఉత్త అప్పాలే. అయినా ఆ పల్చటి అప్పం చేతికి తగలగానే వేలు నాలుక మీదికి పోతోంది.

“బాబాయ్, మళ్లీ,” అన్నాడు చిన్నఫాదరు.

“అయ్యో, ఎప్పుడు పోయింది?”

“ఇవాళ నయం,” అంది నర్సు. “పోయినవారం నాకు అప్పమిచ్చి, ముందుకు జరగమ్మా ముందుకు జరుగు అన్నాడు.”

సిస్టరమ్మ నవ్వలేదు. “వచ్చే శనివారం పరీక్ష. వేలు ఒక్కసారి నోటికెళ్లినా పేరు రాయను. మీమీద కోపం కాదండీ. అది ఎంగిలి.”

చర్చి పెద్దమనిషి ఒకాయన గుమ్మంలో నిలబడి, చిల్లర ఏరుకున్న చేతికి బలిపీఠం దగ్గరేం పని అన్నాడు. ఎండనకా వాననకా ఊరిని పనిలోకి చేర్చిన చెయ్యి అది. ఊరికే కూర్చుని తిన్న చేతికంటే వెయ్యి రెట్లు శుభ్రం.

“ఆయన వేలు బాగుచేయొచ్చు,” అంది సిస్టరమ్మ. “మీ నోరే కష్టం.”

ఆ పూటే చిన్నఫాదరు అభ్యాసానికి పూజపాత్ర పైకెత్తితే చేతులు వణికాయి. కండక్టరు వెనక్కెళ్లి, “కాళ్లు ఎడం పెట్టు నాయనా. బ్రేకు పడబోతోందనుకో,” అన్నాడు. వణుకు తగ్గింది. ఒకరి పని ఇంకొకరికి ఇలాగే పనికొస్తుంది. పుస్తకాల్లో రాయరు గానీ.

టైలరు సలహామీద కండక్టరు, గోళ్లు కొరికే పిల్లలకు పూసే చేదుమందు వేలికి రాసుకుని బుధవారం సిస్టరమ్మ దగ్గరికి విడిగా అభ్యాసానికి వెళ్లాడు. వేలు నోటికెళ్లలేదు. చేదు మాత్రం అప్పానికంటింది. అది తిన్న సిస్టరమ్మ బయటికి పరుగెత్తి మూడుసార్లు పుక్కిలించింది.

ఈ సంగతి విని భార్య కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

“నవ్వు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు,” అన్నాడతను.

“ఇది ఉద్యోగంతో వచ్చింది. రిటైరయ్యావుగా, పోతుందిలే. అట్ట ముక్కలు గుండ్రంగా కత్తిరించి పట్రా. నాకివ్వు, చూస్తా.”

ఇచ్చాడు. వేలు లేచింది. మళ్లీ ఇచ్చాడు. మళ్లీ లేచింది.

“నువ్వు అట్టల కట్టకేసి చూస్తున్నావయ్యా,” అంది. “పెళ్లికి ముందు ఆరునెలలు నీ బస్సెక్కాను. ఒక్కరోజైనా తలెత్తావా? టిక్కెట్టుకు మొహంతో పనిలేదు. దీనికుంది. ముందు నా మొహం చూడు, ఆ తర్వాతే చెయ్యి చాపు.”

చూశాడు. వేలు కదల్లేదు. రెండు రోజులు ఆమె మెడ నొప్పి పుట్టేదాకా అదే పని.

శనివారం వరసలో వచ్చిన ప్రతివాళ్ల మొహంలోకీ చూసి అప్పమిచ్చాడు. అందరికంటే రెట్టింపు సమయం పట్టింది. సిస్టరమ్మ అతని చేతికేసే చూస్తూ కూర్చుని, చివరికి పేరు రాసుకుంది.

“ఆలస్యమైంది కదమ్మా,” అన్నాడు.

“కానివ్వండి,” అందామె.

ఆదివారం పూజ కాగానే ఎక్కడా ఆగకుండా, దారిలో పలకరించినవాళ్లకు తలూపుతూ ఇంటికొచ్చాడు. ఆమె దిండ్లకానుకుని కూర్చుంది. తల దువ్వుకుంది. అతను చేతులు కడుక్కుని, ప్రార్థన చెప్పి, డబ్బా మూత తీసి ఆమె కళ్లలోకి చూశాడు.

“క్రీస్తు శరీరం.”

“ఆమెన్,” అంది. వీధిలోకి వినపడేంత గట్టిగా.

అతను డబ్బాకు మూతపెట్టి పక్కన పెట్టాడు. అప్పుడామె అంది: “ఇంక టిఫిను పెట్టు. తెల్లారినప్పట్నుంచీ నోట్లో ఏమీ వేసుకోలేదు, నువ్వు తెస్తావని.”