భోజనాల బల్ల మీద కోర్టు

"కుక్కర్ ఆపెయ్యవే, జడ్జిగారు వచ్చే వేళయింది!" అన్నాడు భర్త, పెళ్లివారొస్తున్నంత కంగారుగా. ఆవిడ కుక్కర్ ఆపింది. ఫ్యానూ ఆపింది. ఊపిరి కూడా ఆపమంటాడేమోనని ఒక క్షణం చూసింది.

అట్టపెట్టెల మిషను అమ్మినవాడి మీద వేసిన దావా అది. కొన్న కొత్తలోనే మిషను కాలిపోయింది. మీకే నడపడం రాలేదని వాడి వాదన. పాత పద్ధతిలో ఆ కేసు వాయిదాలు తిని తిని ఎంత ముసలిదైపోయిందంటే, దానికో చేతికర్ర కొనిపెడదామా అని ప్లీడరు గుమాస్తా ఆలోచించాడట. ఇంతలో దేశమంతటికీ కొత్త చట్టం వచ్చింది. వ్యాపార తగాదాలు గడువులోగా తేల్చాలి, ఇంట్లోంచే కంప్యూటర్లో హాజరుకావచ్చు, సంగతి స్వయంగా తెలిసినవాళ్లే ప్రమాణం చేసి చెప్పాలి. వాయిదా రోజున ఆయన ప్యాంటు ఇస్త్రీ చేసి, క్యారేజీ కట్టి పంపేశాక ఆవిడకు దొరికే కాస్త తీరికా దాంతో పోయింది. కోర్టే వచ్చి ఆవిడ భోజనాల బల్ల మీద కూర్చుంది. ఇంటికొచ్చినవాళ్లందరికీ టీ ఇచ్చే ఆవిడకు, తెరలో ఉన్న జడ్జిగారికి ఎలా ఇవ్వాలో తోచలేదు.

నిజానికి ఆ మిషను నడిపింది ఆవిడే. వంట కాగానే మిషనున్న షెడ్డుకు పరిగెత్తి పెట్టెలు చేసేది; అది కాలిపోయాక చేత్తోనే చేస్తోంది. "మా కోడలికి అదో కాలక్షేపం" అనేది అత్తగారు. "ఊరికే కూర్చోలేదు, పిచ్చిది" అనేవాడు భర్త, ముద్దుగానే. తిట్టి ఉంటే బదులు చెప్పేదే. ముద్దుకు ఏమని చెబుతుంది?

"కాలిపోయే ముందు మిషను ఎలా ఉంది?" అని తెరలోంచి అడిగారు జడ్జి మేడమ్.

"బాంబు పేలినట్టు చప్పుడండీ! వీధి వీధంతా..." భర్త ఎత్తుకున్నాడు.

"చప్పుడెక్కడిదండీ," గుమ్మం దగ్గర ఆవిడ గొణిగింది. "ముందు మాడు వాసన వచ్చింది. మోటారు ముట్టుకుంటే చెయ్యి కాలింది. అప్పుడు మీరు ఇంట్లో నిద్రపోతున్నారు."

"ఎవరది?"

"మా ఆవిడండీ. ఇల్లు చూసుకుంటుంది."

"ముందుకు రమ్మనండి. ప్రమాణం చేయించి వింటాను."

భర్త మొహం చూస్తే ఆవిడకు జాలేసింది. మాట్లాడితే ఆయన గొప్ప పోతుంది. మాట్లాడకపోతే కేసూ, మిషను డబ్బు తిరిగి రాక దాంతోపాటు షెడ్డూ పోతాయి. షెడ్డు పోతే తనకేం మిగులుతుంది? తువ్వాలుకు చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, ప్రమాణం చేసింది.

"వృత్తి?"

"గృహిణండీ," భర్త అందించాడు.

"ఆగండి, ప్రమాణం చేసింది నేను," అంటూ ఆవిడ మెత్తగా ఆయన చెయ్యి తట్టింది. "పెట్టెలు తయారుచేస్తానని రాసుకోండి మేడమ్. జీతమెంతో మాత్రం ఆయన్నే అడగండి."