నిప్పుకొండ గొంతులో నీళ్ళు

నా మొగుడు కుళ్ళాయప్ప తవ్విన బావుల్లో నీళ్ళు తాగనివాళ్ళు గార్లదిన్నె చుట్టుపక్కల లేరు. ఈ మాట నేనెక్కడైనా నిలబడి చెబుతాను. కానీ పందొమ్మిది వందల అరవై మూడులో వరసగా మూడు బావుల్లో నీళ్ళు పడలేదు. అంతే, ముందు తవ్వినవన్నీ జనం మరిచిపోయారు. ‘ఎండుచెయ్యి’ అని పేరు పెట్టారు. కొత్త బావికి పూజ చేస్తుంటే ఆయన్ను దూరంగా నిలబడమన్నారు. ఆ మాట అన్నవాళ్ళ నోట్లో మన్నుపడ!

ఆయన మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. వజ్రకరూరు దగ్గర సర్వేవాళ్ళు గుంతలు తవ్విస్తున్నారని తెలిసి పోయి చేరాడు. ఏడు నెలలు చేశాక ఒక శనివారం గడ్డపార భుజాన వేసుకొని వచ్చి, పని అయిపోయిందన్నాడు. ఎందుకయిపోయిందంటే నోరు విప్పడు.

బళ్ళారి కాలువ పనిలో మేస్త్రీగా ఉన్న మా అన్న రామదాసు, సోమవారం మా ఇద్దరినీ తీసుకుపోతానన్నాడు. మట్టిగంపలు మోసే పని. ఒప్పించింది నేనే. ‘‘ఆ గడ్డపార ఇంగ మూల పడెయ్. బావీ వద్దు, నిందా వద్దు’’ అన్నాను. సరేనన్నాడు. తాత నాటి నుంచీ బావులు తవ్వే ఇంటి మనిషి, ఒక్క మాటైనా ఎదురు చెప్పకుండా గడ్డపార తీసి మూలన పెట్టాడు.

‘‘రేపొక్క దినం నాతో రా మే. పోయేముందర నీకు నిప్పుకొండ సూపిస్తా’’ అన్నాడు.

పెళ్ళయి పద్నాలుగేళ్ళలో నన్ను ఒక చోటికి తీసుకుపోతానన్నది అదే మొదటిసారి. సజ్జరొట్టెలు, ఊరుబిండి పచ్చడి మూట కట్టాను. తెల్లవారి రైలెక్కి గుంతకల్లులో దిగి, అక్కణ్ణించి బస్సు పట్టాం. తొలకరి ఒక్క వాన పడింది. ఎర్రచేలు తడిసి నల్లబడ్డాయి. రాళ్ళగుట్టల మీద తంగేడు విరగబూసింది. చేలల్లో మనుషులు వంగి కూర్చొని నేలంతా కళ్ళతో గాలిస్తున్నారు.

‘‘ఏం పోగొట్టుకున్నారప్పా వీళ్ళు?’’ అన్నాను.

‘‘పోగొట్టుకొనేది కాదు, వజ్రాలు ఎతుకుతాండారు. వాన పడితే పైకి తేలుతాయంట.’’

నాకు నవ్వొచ్చింది. నేనూ రెండు మెరుపురాళ్ళు ఏరాను. ఆయన వాటిని చూసి ‘‘ఇవి పలుగురాళ్ళు, పారేయ్’’ అన్నాడు. పారేయలేదు, కొంగున కట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఒక చదును మైదానంలో ఆగి ‘‘ఇదే’’ అన్నాడు.

నేను నాలుగు దిక్కులా చూశాను. కంపచెట్లు, మట్టికుప్పలు, అంతే. ‘‘కొండ యాడుండాదయ్యా? నన్నేమన్నా ఎర్రిదాన్ని చేస్తాండావా?’’

‘‘నీ కాళ్ళ కింద. ఎప్పుడో మనుషులు పుట్టకముందు భూమి కడుపులోనుంచి నిప్పు ఎగదన్నిందంట. కొండ అరిగిపోయింది, దాని గొంతు మిగిలింది. వజ్రాలు ఈ గొంతులోంచే పైకొచ్చినాయంట. సర్వే సారు చెప్పినాడు’’ అంటూ వంగి బూడిదరంగు మన్ను పిడికెడు తీసి నా అరచేతిలో పెట్టాడు. ‘‘అంచున గడ్డపార వేస్తే ఖంగుమంటాది, గట్టిరాయి. ఈ గొంతులో వేస్తే మెత్తగా దిగుతాది. అదో, ఆ కంపచెట్టు కాణ్ణించి ఈ గట్టు దాకా, అంచు యాడుందో నా చెయ్యి చెప్పింది. సారు గీతలు గీసుకున్నాడు. నేను చెప్పిందీ, ఆయన గీసిందీ ఒక్కటే!’’

ఏడాదిగా ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు. రొట్టె తినడం కూడా మరిచిపోయి అంచు వెంట నన్ను తిప్పాడు. చివరికి ఆయన తవ్విన గుంత దగ్గరికి వచ్చాం. నలభై అడుగుల లోతు, గోడలు గీత గీసినట్టున్నాయి. పక్కన ఇంజను పనిచేస్తూ ఉంది. దాని గొట్టంలోంచి నీళ్ళు! ఆ నీళ్ళ ముందు ఇరవైమంది ఆడవాళ్ళు బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు.

నేను నోరు తెరిచి ఆయన వైపు తిరిగాను. తల దించుకున్నాడు.

‘‘నీళ్ళు పడి పని చెడింది మే. రాయి కోసం తవ్వమంటే నీళ్ళొచ్చినాయి. గుంత మూసేస్తామన్నారు. బావి తవ్వితే నీళ్ళు రాలేదని తిట్లు, గుంత తవ్వితే నీళ్ళొచ్చినాయని తిట్లు. నా చెయ్యి మంచిది కాదు.’’

నాకు ఒళ్ళు మండిపోయింది. ‘‘అయ్యో నా మొగుడా! ఇది చెప్పడానికి సిగ్గుపడినావా?’’ అని అరిచాను. ఆడవాళ్ళంతా తిరిగి చూశారు.

వాళ్ళలో పెద్దామె, పేరు మారెక్క, బిందె దించి వచ్చింది. ‘‘ఈ నీళ్ళు తీసినోడు ఈయప్పేనా? ఎల్లుండి ఇంజను ఎత్తుకపోతారంట. ఈ నీళ్ళు పడకముందు రెండు కోసుల దూరం పోయి తెచ్చుకుంటాంటిమి. ఏమప్పా, మా పల్లె కాడ ఒక బావి తవ్వుతావా?’’

ఆయన నా వైపు చూశాడు. ‘‘రేపు బళ్ళారికి పోవాల కదా’’ అన్నాడు మెల్లగా.

మా అన్నకు మాటిచ్చింది నేను. గడ్డపార మూల పడేయించింది నేను. ఎండుచెయ్యి అని ఊరంతా అన్నప్పుడు, మనసులో ఒక మూల నేనూ నమ్మాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మా వాళ్ళలో నీళ్ళు పడితే బావి తవ్వినవాడికి రుమాలు చుడతారు. ఏడాదిగా ఆయన తలకు రుమాలు లేదు. ఆయన భుజం మీది తువ్వాలు లాగి, తలకు చుట్టబోయాను.

మారెక్క నా చెయ్యి పట్టుకుంది. ‘‘పెండ్లాం చుడితే లెక్కకు రాదమ్మా. నీళ్ళు తాగినోళ్ళు చుట్టాల. కొత్తగుడ్డ మాకాడ లేదు, ఇదే చుడతాం.’’

ఆ తువ్వాలును గొట్టం కింద తడిపి పిండింది. నా మొగుడు చిన్నపిల్లాడిలా తల వంచాడు. అంతమంది ఆడవాళ్ళు చుట్టూ నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ ఆయన తలకు రుమాలు చుట్టారు. నీళ్ళు ఆయన ముఖం మీదుగా కారాయి. అవన్నీ తువ్వాలు నీళ్ళేనని ఆయన ఇప్పటికీ అంటాడు, అననీ.

‘‘మే తిప్పీ, మీ అన్నకేం చెప్తాం?’’ అన్నాడు.

‘‘నేను చెప్పుకుంటాలే. నువ్వు ముందు వాళ్ళ పల్లె కాడ నేల సూసి రా పో’’ అన్నాను.

ఆయన తల ఎత్తి ముందు నడిచాడు. ఇరవైమంది ఆడవాళ్ళు ఆయన వెనక నడిచారు. వాళ్ళందరి వెనక, ఎవరో ఇచ్చిన నిండు బిందె నడుమున పెట్టుకొని, నేను నడిచాను.